డిల్లీ బ్యాగ్‌లో ఎన్ని అల్లికలు? ఆస్ట్రేలియా అబోరిజినల్ నార సంచుల చిక్కుముళ్లు

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లకు వెళ్తే అప్పుడప్పుడు గోడకు తగిలించిన చిన్న సంచి ఒకటి కనిపిస్తుంది. "అబోరిజినల్ వాళ్లది, డిల్లీ బ్యాగ్" అంటారు. ఒక ఇంట్లో అది గరుకు దారంతో అల్లిన వలలా ఉంటుంది. ఇంకో ఇంట్లో గట్టి ఆకుల బుట్టలా ఉంటుంది. మరో ఇంట్లో చుక్కల బొమ్మలు అచ్చువేసిన మామూలు గుడ్డసంచికి కూడా అదే పేరు. ధరలు చూస్తే ఇంకా తికమక. గుడ్డసంచికి పాతిక డాలర్లు ఇచ్చినవాళ్లకి, అరచేయంత దారపు సంచికి వందల డాలర్లు అడిగితే మోసమేమో అనిపిస్తుంది.

అనుమానాలు అక్కడితో ఆగవు. ఇందులో ఏది సంప్రదాయం, ఏది తర్వాత వచ్చింది? మిషనరీలు నేర్పినదాన్ని సంప్రదాయం అనొచ్చా? ఇతరులు నేర్చుకుని అమ్ముకుంటే తప్పా? మూలవాసుల సాంస్కృతిక సంపదకు విడిగా చట్టం తెస్తామని 2023లో ఆస్ట్రేలియా ప్రభుత్వం తన సాంస్కృతిక విధానంలో మాట ఇచ్చిన దగ్గర్నుంచి ఈ ప్రశ్నలు మళ్లీ పైకొచ్చాయి. జవాబులు చాలావరకు సంచిలోనే ఉన్నాయి. దాన్ని దగ్గరగా పట్టుకుని, దారం ఎటు వెళ్లి ఎటు తిరిగిందో చూడాలి.

పేరు దగ్గరే మొదటి చిక్కు

డిల్లీ బ్యాగ్‌కీ మన ఢిల్లీకీ ఏ సంబంధమూ లేదు. ఇప్పటి బ్రిస్బేన్ నగరం ఉన్న నేల మీద మాట్లాడిన యగారా భాషలో "దిలి" అనే మాట ఉంది. గరుకు గడ్డికీ, ఆ గడ్డితో చేసిన సంచికీ ఆ పేరు. వలస వచ్చిన ఇంగ్లీషువాళ్లు ఆ ఒక్క మాటను పట్టుకుని ఖండమంతటా కనిపించిన ప్రతి సంచికీ తగిలించారు.

1788లో బ్రిటిష్ వాళ్లు దిగేనాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలున్నాయి. సంచులకూ బుట్టలకూ ఎవరి పేర్లు వాళ్లవే. ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో యోల్ంగు ప్రజలు "బాతి" అంటారు. అదే ప్రాంతంలో మానింగ్రిడా చుట్టుపక్కల ఉండే బురారా వాళ్లు దారపు సంచిని "జర్క్" అంటారు. క్వీన్స్‌లాండ్ వానల అడవుల్లో గిర్రమయ్ వాళ్లు పేము బుట్టను "జావున్" అంటారు. గంపనీ, తట్టనీ, చిక్కాన్నీ, ఉట్టినీ, జోలెనీ కలిపి ఎవరైనా "ఇండియన్ బ్యాగ్" అంటే మనకెలా ఉంటుంది? డిల్లీ బ్యాగ్ అనే మాట చేసిన పని అదే.

నార ఎక్కడిది?

వాళ్లు వాడే మొక్కల పేర్లు ఇంగ్లీషులో చదివితే ఏదో దూరదేశపు వృక్షశాస్త్రంలా ఉంటాయి. తెలుగులో చెప్పుకుంటే సగం మనకు ఎరికే.

ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో బుట్టలకూ చాపలకూ ముఖ్యమైన ఆకు పాండానస్. అంటే మన మొగలి కుటుంబమే. మొగలి పొదలోకి చెయ్యి పెట్టినవాళ్లకు ఆ ఆకు అంచున ఉండే రంపపు ముళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అక్కడి ఆడవాళ్లు కొక్కెం ఉన్న కర్రతో చెట్టు నడినెత్తిన ఉన్న లేత ఆకుల్ని కిందకు లాగుతారు. ముళ్ల అంచు తీసేసి, గోటితో ఆకును పొరలుగా చీల్చి, ఎండబెడతారు. ఇందులో అల్లిక ఇంకా మొదలే కాలేదు.

దక్షిణాన ముర్రే నది సముద్రంలో కలిసే చోట, కూరాంగ్ ఉప్పుకయ్యల చుట్టూ ఉండే ంగారిండ్జెరి ప్రజలు బుట్టలకు వాడేది తుంగ జాతి గడ్డి. మనం తుంగచాప అనేటప్పుడు చెప్పే తుంగ కుటుంబానిదే. క్వీన్స్‌లాండ్ అడవిలో వాడేది పేము జాతి తీగ. ముర్రే, డార్లింగ్ నదుల వెంబడి పెద్ద పెద్ద వలలకు దారం ఇచ్చింది జమ్ము. ఈ జమ్ము సంగతి నాకు మరీ ఇష్టం. దాని దుంపవేరును కాల్చి, నమిలి, పిండి పదార్థాన్ని తినేవారు. నోట్లో మిగిలిన పీచును పారేయకుండా దాచి దారం పేనేవారు. ఆ దారంతో బాతుల్ని పట్టే వలలు కట్టేవారు. తిండీ, వేటసామానూ ఒకే మొక్క నుంచి.

దారపు సంచులకు కావలసింది చెట్టు బెరడు లోపలి నార. కురజాంగ్ అనే చెట్టు దానికి బాగా పేరుపడ్డది. ఆ పేరు కూడా సిడ్నీ ప్రాంతపు ధరుగ్ భాషలో చేపలు పట్టే గాలపు దారానికి ఉన్న మాట నుంచే వచ్చింది. అంటే వలసవాళ్లు చెట్టు పేరు అడిగితే, దాని నుంచి వచ్చే వస్తువు పేరు చెట్టుకు స్థిరపడిపోయింది. చెట్టు దొరకని ఎడారిలో మనిషి వెంట్రుకలనే దారంగా పేనారు. ఆగ్నేయాన పోసమ్ అనే చిన్న జంతువు బొచ్చు కూడా పనికొచ్చింది.

రంగుల సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో ఒక పొద వేరును దంచి ఆకులతో ఉడకబెడితే పసుపు రంగు వస్తుంది. అందులో కొన్ని రకాల బూడిద కలిపితే రంగు ఎరుపు వైపు తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది వింతగా తోచదు. క్షారం తగిలితే రంగు మారే గుణమే రెండుచోట్లా పనిచేసేది.

తొడ మీద పురి

నారను దారం చేసేది చేతులూ తొడా. చాలా ప్రాంతాల్లో వేరే సాధనం ఉండదు. ఎడారిలో మాత్రం వెంట్రుకల దారానికి కర్ర కదురు ఉంటుంది.

పుస్తకంలో చదివితే ఈ పని నాకు అర్థం కాలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న గోగునార కొంచెం తడిపి, రెండు సన్నటి పాయలు తీసి, పక్కపక్కన తొడ మీద పెట్టుకుని చూశాను. అరచేత్తో మోకాలి వైపు దొర్లిస్తే ఏ పాయకు ఆ పాయ మెలి తిరిగింది. అంతవరకూ మా అమ్మమ్మ దీపానికి వత్తులు చేసినట్టే ఉంది. అసలు విషయం తర్వాత ఉంది. చెయ్యి ఎత్తకుండా, రెండు పాయల్నీ దగ్గరకు చేర్చి, అదే అరచేతిని వెనక్కి లాగాను. ఒక్కసారిగా రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుని పురి అయిపోయాయి. వదిలేసినా విడిపోలేదు.

కారణం సులువే. ఒక్కొక్క పాయ ఒకవైపు మెలి తిరిగి ఉంది. వదిలితే విప్పుకోవాలని చూస్తుంది. రెండూ కలిసి ఎదురువైపు మెలి పడ్డాయి కాబట్టి, ఒకటి విప్పుకోబోతే రెండోది బిగుసుకుంటుంది. పురికొస నుంచి ఓడ మోకు దాకా ప్రతి తాడూ నిలబడేది ఈ లెక్క మీదే. నాకు ఒక్కో దొర్లింపుకు జానెడు కూడా రాలేదు, అది కూడా ఎగుడుదిగుడుగా. తొడ మీద చర్మం మాత్రం ఎర్రగా కందింది. పాయ సన్నబడ్డచోట కొత్త నార కొస పెట్టి కలిపి దొర్లిస్తే ముడి అక్కర్లేకుండా అతుక్కుపోతుంది. ఈ అతుకును గుర్తుపెట్టుకోండి. ముందు దీనితో పని ఉంది.

నాలుగు అల్లికలు, నాలుగు చేతిరాతలు

మగ్గం మీద నేతలో పడుగూ పేకా ఉంటాయి. ఈ సంచుల్లో మగ్గం లేదు. ఉన్న పద్ధతులు ప్రధానంగా నాలుగు.

మొదటిది లూపింగ్, అంటే ఉచ్చు అల్లిక. దారపు కొసను పై వరుసలోని కంతలోంచి దూర్చి, చిన్న ఉచ్చులా తిప్పి, పక్క కంతకు వెళ్తారు. ఎక్కడా ముడి ఉండదు. దారపు సంచులు ఎక్కువగా ఇవే. సాగుతాయి. ఖాళీగా ఉంటే పిడికిట్లో ఇముడుతాయి, దుంపలు నింపితే పొట్ట ఉబ్బుతుంది.

రెండోది ముడి వల. ఇందులో ప్రతి కన్ను దగ్గరా ముడి పడుతుంది, కన్ను కొలత మారదు. చేపలకూ బాతులకూ కట్టే పెద్ద వలలకు ఇది పనికొస్తుంది.

మూడోది ట్వైనింగ్. నిలువుగా ఉన్న ఆకుపోగుల చుట్టూ రెండు అడ్డపోగులు ఒకదాన్నొకటి మెలి వేసుకుంటూ నడుస్తాయి. ఆర్న్‌హెమ్ ల్యాండ్ మొగలి ఆకు బుట్టలు, పెద్ద చాపలు, చేపల్ని పట్టే శంకువు ఆకారపు బుట్టలు ఈ పద్ధతివే. కొన్ని ఎంత బిగువుగా ఉంటాయంటే తేనె పోసినా కారదు.

నాలుగోది కాయిలింగ్, చుట్ట అల్లిక. గడ్డి కట్టను చుట్టలా తిప్పుకుంటూ, ఒక చుట్టును పక్క చుట్టుకు కుట్టుకుంటూ పోవడం. ంగారిండ్జెరి తుంగ బుట్టలు ఇవి.

ఈ తేడా తెలిస్తే సంచి చేతికి రాగానే సగం కథ తెలుస్తుంది. లూపింగ్ కనిపిస్తే అది దారపు సంచుల కుటుంబానిది. చుట్ట అల్లిక కనిపిస్తే అది దక్షిణానిదా, లేక దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లినదా అనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రయాణం గురించి కాసేపట్లో.

ఒక్క సంచికి ఎంత దారం?

వందల డాలర్ల ధర ఎందుకో అర్థం కావాలంటే కాగితం మీద ఒక లెక్క వేద్దాం. ఈ అంకెలు నేను ఉదాహరణ కోసం అనుకున్నవి.

సంచి చుట్టుకొలత 60 సెంటీమీటర్లు, లోతు 35 అనుకుందాం. ఒక్కో ఉచ్చు సెంటీమీటరు వెడల్పు, సెంటీమీటరు ఎత్తు. వరుసకు 60 ఉచ్చులు, అలాంటి వరుసలు 35. మొత్తం 2,100 ఉచ్చులు. ఒక్కో ఉచ్చుకు 4 సెంటీమీటర్ల దారం పడితే 84 మీటర్లు కావాలి. తొడ మీద ఒకసారి ముందుకూ వెనక్కీ దొర్లిస్తే 12 సెంటీమీటర్ల పురి వస్తుందనుకుంటే, 700 సార్లు దొర్లించాలి. బెరడు ఒలవడం, నానబెట్టడం, నార విడదీయడం ఇందులో కలపలేదు.

ఇప్పుడు ఉచ్చును సగానికి తగ్గిద్దాం. అర సెంటీమీటరు ఉచ్చులైతే వరుసకు 120, వరుసలు 70. మొత్తం 8,400 ఉచ్చులు. ఒక్కోదానికి 2 సెంటీమీటర్ల దారం చొప్పున 168 మీటర్లు, 1,400 దొర్లింపులు. సంచి పరిమాణం అంతే ఉంది. దారం రెట్టింపైంది, ఉచ్చులు నాలుగింతలయ్యాయి. చిన్న కన్నుల సంచి పెద్ద కన్నుల సంచికన్నా అంత ఖరీదు ఎందుకో ఈ గుణకారంలోనే ఉంది.

ఇంకో మాట. మనం ఊలుతో అల్లేటప్పుడు దారపు ఉండ పక్కన దొర్లుతూ ఉంటుంది, కొక్కెంతో కొంచెం కొంచెం లాగుతాం. లూపింగ్‌లో అలా కుదరదు. ప్రతి ఉచ్చులోంచీ దారం మొత్తాన్ని కొస నుంచి లాగాలి. అందుకే 84 మీటర్ల ఉండ ముందే చేసి పెట్టుకుంటే లాభం లేదు. కొంత దారం పేని, అది అయిపోయేదాకా అల్లి, మళ్లీ నార అతికి, పేని, అల్లుతారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న అతుకు ఇక్కడికే. ఆ సంచిని తిరగేసి వెతికితే దారం మొదలూ చివరా దొరకవు.

రెండు కొమ్ముల బుట్ట

క్వీన్స్‌లాండ్ ఈశాన్య తీరంలో కార్డ్‌వెల్, టల్లీ ప్రాంతాల వానల అడవుల్లో పుట్టిన జావున్‌ను ఒకసారి చూస్తే మరిచిపోలేం. అడుగు భాగం రెండు పక్కలకూ కొమ్ముల్లా సాగి, మధ్యలో లోపలికి వంగి, నెలవంకలా ఉంటుంది. ప్రపంచంలో ఇలాంటి ఆకారం ఇంకెక్కడా పుట్టలేదంటారు. పట్టీని నుదుటికి తగిలించుకుని, బుట్టను వీపు మీదకు వేలాడేసుకుంటారు.

ఆ అడవిలో తినే గింజల్లో చాలావాటిలో విషం ఉంటుంది. బ్లాక్ బీన్ అనే చెట్టు గింజను అలాగే తింటే మనిషి జబ్బున పడతాడు. గింజల్ని కాల్చి, పలుచగా కోసి, బుట్టలో వేసి, పారే ఏటిలో రోజుల తరబడి ఉంచితే విషం నీటితో పోతుంది. బద్దల మధ్య సందు మరీ ఎక్కువైతే పిండి కొట్టుకుపోతుంది, మరీ తక్కువైతే నీరు పారదు. అల్లికలో సందు ఎంత ఉండాలో నిర్ణయించింది వంట.

ఈ బుట్టల్ని ఇప్పుడు అల్లేవాళ్లు కొద్దిమందే. గిర్రమయ్ కళాకారుడు ఏబ్ మురియాటా వాళ్లలో ముఖ్యుడు. కార్డ్‌వెల్‌లోని గిరింగన్ కళాకేంద్రం ద్వారా ఆయన బుట్టలు పెద్ద గ్యాలరీలకు చేరాయి.

మోసేది దుంపలు మాత్రమే కాదు

ఈ సంచుల వయసు చెప్పడం కష్టం, ఎందుకంటే నార కుళ్లిపోతుంది. రాయి నిలుస్తుంది, సంచి నిలవదు. కానీ రాతి మీద వేసిన బొమ్మ నిలుస్తుంది. పశ్చిమాన కింబర్లీలో గ్వియోన్ గ్వియోన్ అనే శైలి చిత్రాల్లో మనుషులు కుచ్చుల అలంకారాలతో, చేతిలో సంచులతో కనిపిస్తారు. ఆ బొమ్మల మీదా కిందా ఉన్న కందిరీగల మట్టిగూళ్లను పరీక్షించి 2020లో ప్రకటించిన అధ్యయనం, ఆ శైలిలో చాలావాటి వయసు సుమారు 12 వేల ఏళ్లని తేల్చింది.

యోల్ంగు పురాణగాథల్లో జాంగ్‌కావు అక్కచెల్లెళ్లు, వాళ్ల సోదరుడు తూర్పు సముద్రం మీదుగా యలంగ్‌బరా తీరానికి వచ్చి, నడిచినచోటల్లా నీటిబుగ్గల్ని పుట్టించి, నేలకూ జనానికీ పేర్లు పెట్టారు. అక్కచెల్లెళ్ల వెంట ఉన్నవి పవిత్ర వస్తువులు నింపిన బాతి సంచులు, శంకువులా అల్లిన చాపలు. అందుకే బాతి అంటే సామాను సంచి అని అనువదిస్తే సగమే చెప్పినట్టు. యోల్ంగు ప్రపంచం ధువా, యిరిట్జా అనే రెండు సగాలుగా ఉంటుంది. మనుషులతోపాటు చెట్లూ, జంతువులూ, నేలలూ ఏదో ఒక సగానికి చెందుతాయి. చిలుక ఈకలు పొదిగిన సంచులు కర్మకాండల్లో కనిపిస్తాయి. బజారులో అమ్మే బుట్టా, కర్మకాండలో వాడే బుట్టా ఒకే చేతిపని కావచ్చు, స్థానాలు వేరు. రెండోది అమ్మకానికి రాదు, దాని గురించి అందరికీ చెప్పేదీ కొంతే.

మిషనరీ తెచ్చిన చుట్ట అల్లిక సంప్రదాయమేనా?

ఇక అసలు వాదన. ఆర్న్‌హెమ్ ల్యాండ్ కళాకేంద్రాల్లో ఈ రోజు ఎక్కువగా కనిపించేవాటిలో రంగురంగుల మొగలి ఆకుతో చుట్ట అల్లిక వేసిన బుట్టలు ఉంటాయి. అది అక్కడి పాత పద్ధతి కాదు. మెథడిస్ట్ మిషన్ తరఫున గోల్‌బర్న్ ద్వీపానికి వచ్చిన గ్రెట్టా మాథ్యూస్ 1920లలో అక్కడి ఆడవాళ్లకు నేర్పింది. ఇక్కడిదాకా విని చాలామంది "అయితే ఇది మిషనరీల చేతిపని, సంప్రదాయం పేరుతో అమ్ముతున్నారు" అని తేల్చేస్తారు.

ఒక్క అడుగు వెనక్కి వెళ్తే ఆ తీర్పు నిలబడదు. ఆమె తల్లిదండ్రులు ముర్రే నది ఒడ్డున మిషన్లు నడిపినవాళ్లు. చుట్ట అల్లికను ఆమె నేర్చుకున్నది ఆ దక్షిణ ప్రాంతపు అబోరిజినల్ మహిళల దగ్గరే. అక్కడ ఆ అల్లిక ఎంత పాతదంటే, 1840లలో జార్జ్ ఫ్రెంచ్ ఆంగస్ గీసిన దక్షిణ ఆస్ట్రేలియా చిత్రాల్లో అప్పటికే ఆ చాపలూ బుట్టలూ ఉన్నాయి. ఒక జాతి విద్య ఇంకో జాతికి చేరింది, మధ్యలో మోసుకెళ్లిన చేతులు మిషనరీవి.

దీని మీద రెండు రకాల మాటలు వినిపిస్తాయి. మ్యూజియం సేకరణల మీద పనిచేసేవాళ్లలో కొందరు పద్ధతుల భౌగోళిక సరిహద్దుల్ని కచ్చితంగా ఉంచాలంటారు. మానవశాస్త్రవేత్తలు బాల్డ్‌విన్ స్పెన్సర్ 1912లో ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లోని ఓయెన్‌పెల్లిలో సేకరించిన సంచుల్నీ, డొనాల్డ్ థామ్సన్ 1930లలో యోల్ంగు ప్రాంతంలో సేకరించినవాటినీ ఈనాటి బుట్టలతో పోల్చి చూడకపోతే ఏ పద్ధతి ఎక్కడ పుట్టిందో చెరిగిపోతుందని వాళ్ల బెంగ. అది న్యాయమైన బెంగే. మరోవైపు అల్లేవాళ్లు అంటారు: ఆకు మా నేలది, రంగు మా వేరుది, అమ్మ దగ్గర నేను నేర్చుకున్నాను, వందేళ్లు గడిచాయి, ఇంకా ఎన్నాళ్లకు ఇది మాదవుతుంది?

నేను రెండో పక్షానికే మొగ్గుతాను. మిరపకాయ పోర్చుగీసువాళ్లతో వచ్చిందని గుంటూరు కారాన్ని తెలుగువాళ్లది కాదని ఎవరూ అనరు. కానీ మొదటి పక్షం అడిగే జాగ్రత్త కూడా కావాలి. బుట్ట మీద "అనాదిగా వస్తున్న పద్ధతి" అని రాసినప్పుడు, ఏ నేల మీద అనాదిగా అని కూడా రాస్తే దక్షిణాది ఆడవాళ్లకు దక్కాల్సిన పేరు దక్కుతుంది.

ఎడారి కథ దీనికన్నా కొత్తది. 1995లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్లాక్‌స్టోన్ అనే మారుమూల ఊళ్లో ఎడారి ఆడవాళ్ల సంఘమైన ఎన్‌పీవై మహిళా మండలి బుట్టల శిక్షణ పెట్టింది. అంతకుముందు ఆ ఆడవాళ్లకు వెంట్రుకల దారం పేనడం, చెక్క గిన్నెను తలమీద మోయడానికి చుట్టకుదురు చేయడం వచ్చు, గడ్డిబుట్టలు లేవు. అక్కడ నేర్చుకున్న కుట్టు వాళ్ల చేతుల్లో బొమ్మలుగా మారింది. జాన్పి డెజర్ట్ వీవర్స్ అనే సంస్థ అలా పెరిగింది. జాన్పి అంటే గడ్డి. 2005లో బ్లాక్‌స్టోన్ మహిళలు గడ్డితో అల్లిన నిలువెత్తు టయోటా కారుకు దేశంలోనే పెద్దదైన అబోరిజినల్, టోరెస్ జలసంధి ద్వీపవాసుల కళాపురస్కారం వచ్చింది. దాన్ని ఎవరూ ప్రాచీన సంప్రదాయం అనలేదు. వాళ్ల కళ అనడానికి అది అడ్డం కాలేదు.

నకిలీలూ, చట్టం పట్టుకోలేని సందులూ

ప్రభుత్వానికి సలహాలిచ్చే ఆస్ట్రేలియా ప్రొడక్టివిటీ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మూలవాసుల కళ పేరుతో అమ్ముడయ్యే జ్ఞాపికల మీద జనం పెట్టే ఖర్చులో సగానికి పైగా మూలవాసుల చెయ్యి పడని వస్తువులకే పోతోంది. చట్టం అసలు ఏమీ చేయలేదని కాదు. ఇండోనేషియాలో చేయించిన బూమరాంగులూ వగైరా 18,000కు పైగా అమ్మి, అబోరిజినల్ కళాకారుల చేతిపని అనే అభిప్రాయం కలిగించినందుకు బిరుబి ఆర్ట్ అనే కంపెనీకి 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అంతకుముందు 1994లో, అబోరిజినల్ చిత్రకారుల బొమ్మల్ని అనుమతి లేకుండా వియత్నాంలో తివాచీల మీద నేయించిన కేసులో కాపీరైట్ ఉల్లంఘన తేల్చి పరిహారం ఇప్పించింది.

ఈ రెండు తీర్పుల మధ్య సంచి జారిపోతుంది. ఎలాగో ఒక ఊహాత్మక ఉదాహరణలో చూద్దాం. ఒక వ్యాపారి జావున్ ఆకారాన్ని చూసి, ఇంకో దేశంలో పేముతో వందల బుట్టలు చేయించి, "రెండు కొమ్ముల బుట్ట" అని మాత్రమే రాసి అమ్మాడనుకోండి. అబోరిజినల్ అనే మాట ఎక్కడా వాడలేదు కాబట్టి వినియోగదారుణ్ని మోసం చేశాడని నిరూపించడం కష్టం. కాపీరైట్ ఒక వ్యక్తి సృష్టికి, ఆయన జీవితకాలం, ఆపైన 70 ఏళ్లు ఉంటుంది. తరతరాలుగా వస్తున్న ఆకారానికి అలాంటి ఒక్క యజమాని లేడు. అల్లిక పద్ధతికి కాపీరైట్ అసలు ఉండదు. గిర్రమయ్ వాళ్లకు కడుపు మండినా కోర్టుకు వెళ్లే దారి దొరకదు.

కొత్త చట్టం రావాలనేవాళ్లు పూడ్చమంటున్న సందు ఇదే. హక్కు వ్యక్తికి కాకుండా సమూహానికి ఉండాలంటారు. వెనకాడేవాళ్ల ప్రశ్నలు కూడా తేలిగ్గా తీసేయలేనివి. సమూహం తరఫున అనుమతి ఇచ్చేది ఎవరు? ఒకే పద్ధతిని పది జాతులు వాడుతుంటే ఎవరిని అడగాలి? ఇందాకటి గోల్‌బర్న్ ద్వీపం కథనే తీసుకుంటే, ఆ చట్టం 1920లలో ఉండి ఉంటే ఉత్తరాది ఆడవాళ్లు దక్షిణాది అనుమతి తీసుకోవాల్సి వచ్చేదా? ప్రస్తుతానికి ఉన్నది ఇండిజినస్ ఆర్ట్ కోడ్ అనే స్వచ్ఛంద నియమావళి. చేరిన దుకాణాలకే అది వర్తిస్తుంది. కళాకేంద్రం నుంచి వచ్చిన సంచికి సాధారణంగా ఒక చీటీ ఉంటుంది. అల్లినవాళ్ల పేరు, ఊరు, వాడిన నార అందులో రాసి ఉంటాయి.

ఇతరులు నేర్చుకోవచ్చా అనేదాని మీద అల్లేవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. ంగారిండ్జెరి మహిళలు కొందరు ఏళ్ల తరబడి అందరికీ నేర్పుతూ వచ్చారు. పక్కన కూర్చుని తుంగ కుడుతూ ఉంటే మాటలు వాటంతటవే వస్తాయనీ, తమ చరిత్ర చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదనీ వాళ్లు భావిస్తారు. నేర్చుకోవడం వేరు, నేర్చుకుని దుకాణం పెట్టడం వేరు అనేది చాలామంది గీసే గీత.

తుంగ కావాలంటే నది కావాలి

ఆ ంగారిండ్జెరి అల్లిక ఒక దశలో ఆరిపోయే దాకా వచ్చింది. మిషన్ జీవితం, పిల్లల్ని కుటుంబాల నుంచి లాక్కెళ్లిన కాలం, భాష మీద నిషేధాలు అన్నీ కలిసి నేర్పేవాళ్లనూ నేర్చుకునేవాళ్లనూ విడదీశాయి. 1982లో డొరతీ కార్టినియేరి అనే పెద్దావిడ నడిపిన శిక్షణలో ఇవోన్ కూల్‌మాట్రీ ఈ కుట్టు నేర్చుకుంది. తర్వాత మ్యూజియంలో ఉన్న పాతవాటిని చూసి, ఎవరూ చేయడం మానేసిన ఈల్ చేపల బుట్టల్ని మళ్లీ అల్లింది. 1997లో వెనిస్ బియెన్నాలె అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో ఆస్ట్రేలియా తరఫున నిలబెట్టిన ముగ్గురు అబోరిజినల్ మహిళల్లో ఆమె ఒకరు. చేపలు పట్టే బుట్టా, పెయింటింగూ అక్కడ పక్కపక్కన నిలిచాయి. చేతిపనా, కళా అనే పాత వాదనకు ఆ గది దగ్గర పెద్దగా పని లేకపోయింది.

ఆమెకు కావలసిన తుంగ మాత్రం సులువుగా దొరకదు. ముర్రే నీళ్లను పైన ఆనకట్టలు ఆపుతాయి. సాగుకు మళ్లిస్తారు. నది సముద్రంలో కలిసే చోట ఉప్పునీరు లోపలికి రాకుండా కట్టిన అడ్డుకట్టలు 1940లో పూర్తయ్యాయి. వరద వచ్చిపోతూ తడిపే ఒడ్డుల్లో పెరిగే గడ్డి అది. ఒడ్డులు చాలాచోట్ల పొలాలై, కంచెల వెనక్కి వెళ్లిపోయాయి. బుట్ట అల్లాలనుకున్న మనిషి ముందు కారు ఎక్కి, గంటల దూరం వెళ్లి, గడ్డి బతికి ఉన్న మడుగు ఎక్కడుందో వెతుక్కుంటుంది. దొరికిన కాడల్ని కోసి, ఇంటికి తెచ్చి, ఎండబెట్టి, మళ్లీ తడిపి, మొదటి చుట్టు మొదలుపెడుతుంది.